మీకు తెలియదు లెండి, మేడమ్!

తెలుగులో అన్నిటికన్నా ఖరీదైన మాట ఏదో చెప్పుకోండి చూద్దాం! వజ్రమూ కాదు, వైడూర్యమూ కాదు. "మీకు తెలియదు లెండి, మేడమ్!" అనే చిన్న వాక్యం. అనేవాడికి పైసా ఖర్చు లేదు. వినేవాళ్ళకి మాత్రం ఐదువందల దగ్గర మొదలై ఐదువేల దాకా పోతుంది. ఈ వాక్యం చెవిన పడగానే మనం చేసేపని ఒక్కటే. నవ్వి వూరుకుంటాం. ఆ నవ్వే, రాబోయే బిల్లు మీద మనం పెట్టే సంతకం!

కుళాయి బాగుచేసేవాడి నోటా, ఫ్రిజ్ బాగుచేసేవాడి నోటా కూడా ఇది వింటూనే వుంటాం. కాని ఈ వాక్యానికి సొంత వూరంటూ ఒకటుంటే అది మోటారుసైకిళ్ళు బాగుచేసే షెడ్డు. అక్కడ ఆడది బండి స్టాండు వేసి దిగగానే కుర్రాడు ఆమె వెనక్కి చూస్తాడు, మగవాళ్ళెవరైనా వస్తున్నారేమోనని. ఎవరూ రావడంలేదని తేలాక, "సార్ ని ఒకసారి ఫోన్ చెయ్యమనండి" అంటాడు. బండి తోలుకొచ్చింది మనం. ఆగిపోయింది మన కిందే. ఎప్పుడు ఆగిందో, ఎలా దగ్గిందో తెలిసింది మనకే. కాని రోగలక్షణాలు చెప్పాల్సింది మాత్రం ఆఫీసులో కూర్చున్న సార్!

పోనీ, మనకి వస్తువులంటే అంత తెలివితక్కువా అంటే, ఆ మాట నేనొప్పుకోను. బంగారం కొట్టుకి వెళ్ళిన మన ఆడవాళ్ళని చూడండి. తరుగెంత, మజూరీ ఎంత, రాళ్ళ బరువు తీసేశావా లేదా అని కంసాలిని చెమటలు పట్టించేస్తారు. పట్టుచీర అంచు వెనక్కి తిప్పి జరీ సంగతి తేల్చేస్తారు. రైతుబజారులో బెండకాయ కొస తుంచందే సంచీలో వేయనివ్వరు. ఇంత నేర్పున్న మనిషి, లక్ష రూపాయలు పోసి కొన్న బండిని మాత్రం, "ఏం చేస్తారో చేయండి బాబూ!" అని అప్పగించి వచ్చేస్తుంది. ఇదెక్కడి న్యాయం? తెలుసుకునే శక్తి లేక కాదు. తెలుసుకోవడం మన పని కాదని ఎవరో చెప్పారు, మనం నమ్మాం. అంతే!

కనక ఈవారం నేను కథ చెప్పబోవడంలేదు. బి.ఏ.లో తెలుగూ చరిత్రా చదువుకుని, నవలలు రాసుకునే దాన్ని ఇంజను గురించి మాట్లాడబోతున్నాను. అదీ ఇంజనంతటి గురించీ కాదు, అందులో ఒక్క జబ్బు గురించి. మెకానిక్కులు దాన్ని ఐడ్లింగ్ అంటారు. యాక్సిలరేటర్ వదిలేసినప్పుడు ఇంజను ఆగిపోకుండా, అరవకుండా, తనంత తాను నెమ్మదిగా తిరుగుతూ వుండడం. మన భాషలో చెప్పాలంటే గ్యాస్ పొయ్యి సిమ్ లో పెట్టడం. పులుసు సన్నసెగ మీద మరుగుతూ వుండాలి, మంట ఆరిపోకూడదు, గిన్నె మాడకూడదు. సిమ్ లో పెట్టగానే పొయ్యి టప్పున ఆరిపోతూవుంటే మనం ఎంత విసుక్కుంటాం! బర్నర్ తీసి చూస్తాం. చిల్లుల్లో మసి చేరిందేమో పిన్నీసుతో పొడుస్తాం. పొయ్యి విషయంలో మనం చేసేదాన్నే పెద్దభాషలో రోగ నిర్ధారణ అంటారు.

ఈ జబ్బు అంత చిన్నదేం కాదు. బెంజ్ సర్కిల్ దగ్గర సిగ్నల్ పడి, వెనక ఓ లారీ, పక్కన ఓ బస్సు నిలబడి వుండగా పచ్చదీపం వెలిగిన క్షణంలో బండి ఆగిపోతే ఏమవుతుందో తోలేవాళ్ళకి తెలుసు. వెనకవాడు హారన్ కొడతాడు, లేకపోతే గుద్దుతాడు. మలుపు తిరిగేటప్పుడు ఆగితే మరీ ప్రమాదం. దీనికి తిరగబడ్డ రూపం మరొకటుంది. ఐడ్లింగ్ ఎక్కువైపోవడం. గేర్లు లేని స్కూటర్లలో ఇంజను వేగం పెరగగానే క్లచ్ దానంతటదే పట్టుకుంటుంది. అంటే ఐడ్లింగ్ మరీ ఎక్కువగా వున్న స్కూటరు, మీరు యాక్సిలరేటర్ ముట్టుకోకపోయినా, బ్రేకు వదలగానే ముందుకు పాకుతుంది. ముందు కాళ్ళదగ్గర పిల్లాణ్ణి నిలబెట్టుకుని తోలే తల్లులు మనలో ఎందరు లేరు! మీరే ఆలోచించండి.

వెనకటికి ఈ జబ్బుకి మందు ఒక్కటే వుండేది. స్క్రూడ్రైవరు. కార్బొరేటర్ కి రెండు మరలుండేవి. ఒకటి గాలినీ పెట్రోలునీ సమపాళ్ళలో కలపడానికి, రెండోది ఇంజను ఆగిపోకుండా కాస్త ఎత్తిపెట్టడానికి. చెవి ఆనించి, కళ్ళు మూసుకుని, వీణకి శ్రుతి చేసినట్టు ఆ మరలు పావు చుట్టు అటూ పావు చుట్టు ఇటూ తిప్పి బండిని నిలబెట్టిన మహానుభావులు మా ఆటోనగర్ లో ఎందరో! పందొమ్మిదివందల అరవైల్లో పుట్టిన మా జవహర్ ఆటోనగర్ సంగతి కృష్ణాజిల్లావాళ్ళకి నేను చెప్పక్కర్లేదు. అస్థిపంజరంలాగా లోపలికెళ్ళిన లారీ పూలూ నెమళ్ళూ వేయించుకుని పెళ్ళికూతురిలా బయటికొస్తుంది. అక్కడి చేతుల నైపుణ్యాన్ని తక్కువ చేస్తే కళ్ళు పోతాయి.

కాని కాలం మారింది. మన దేశంలో పెట్రోలు ఇంజక్షన్ వున్న మామూలు మోటారుసైకిలు 2006లో హీరోహోండా గ్లామర్ తోటే వచ్చేసింది. అప్పట్లో అదో వింత. తరవాత సుప్రీంకోర్టు 2018లో తీర్పు చెప్పింది. 2020 ఏప్రిల్ 1 నించి భారత్ స్టేజ్ సిక్స్ పొగ నిబంధనలకి లోబడిన బళ్ళు తప్ప వేరేవి అమ్మడానికి వీల్లేదని. ఆ నిబంధనల్ని అందుకోవడం మామూలు కార్బొరేటర్ కి కష్టం. దాంతో అదివరకు ఖరీదైన బళ్ళకే వుండే ఇంజక్షన్, స్కూటర్లతో సహా దాదాపు అన్నిటికీ వచ్చేసింది. ఇప్పుడు మీ ఇంటి ముందున్న బండి 2020 తరవాత కొన్నదైతే అందులో ఓ చిన్న కంప్యూటర్ వున్నట్టే లెక్క.

ఆ కంప్యూటర్ చేసే పని చూస్తే ముచ్చటేస్తుంది. ఇంజను ఎంత వేడెక్కిందో ఒక సెన్సారు చెబుతుంది. గాలి లోపలికెళ్ళే తలుపు ఎంత తెరుచుకుందో ఇంకొకటి చెబుతుంది. లోపల గాలి ఒత్తిడి ఎంతో మరొకటి, సైలెన్సరులో పోయే పొగలో ప్రాణవాయువు ఎంత మిగిలిందో మరొకటి. ఇవన్నీ విని, కంప్యూటర్ లెక్కకట్టి, ఇంజక్టర్ ని క్షణంలో వెయ్యోవంతులు రెండో మూడో తెరిచి మూసేస్తుంది. ఆ రెప్పపాటులో పెట్రోలు తుంపరగా పడుతుంది. మన బళ్ళు ఐడ్లింగ్ లో నిమిషానికి సుమారు 1300 నించి 1700 చుట్లు తిరుగుతాయి, మోడల్ ని బట్టి. 1500 అనుకుంటే, రెండు చుట్లకోసారి చొప్పున, నిమిషానికి 750 సార్లు ఈ కొలతా వడ్డనా జరుగుతూ వుంటాయి. పంక్తిభోజనంలో ఏ వంటబ్రాహ్మడూ ఇంత లెక్కగా నెయ్యి వడ్డించి వుండడు!

ఇక ఐడ్లింగ్ కోసమని ప్రత్యేకంగా ఓ చిన్న వాల్వు వుంటుంది. పెద్ద తలుపు మూసి వున్నప్పుడు, దాని పక్కనించి సన్నని దారిలో ఇంజనుకి వూపిరి అందించడం దాని వుద్యోగం. పొద్దున్నే చల్లగా వున్నప్పుడు అది కాస్త ఎక్కువ తెరుచుకుంటుంది. అందుకే స్టార్ట్ చేయగానే ఇంజను కొంచెం గట్టిగా అరుస్తుంది. ఒకటి రెండు నిమిషాల్లో వేడెక్కి తనే తగ్గుతుంది. ఇది జబ్బు కాదు, సలక్షణమైన ఆరోగ్యం. "ఉదయం పూట ఎక్కువ రేజ్ అవుతోంది" అని ఈ ఆరోగ్యానికే మందు వేయించుకుని డబ్బిచ్చి వచ్చేవాళ్ళున్నారంటే మీరు నమ్మాలి.

ఇంత మారినా మారనిది ఒక్కటుంది. ఆ స్క్రూడ్రైవరు! ఇంజక్షన్ బండిలో కూడా గాలి తలుపు దగ్గర ఓ మర కనిపిస్తుంది. చాలా బళ్ళలో దాన్ని ఫ్యాక్టరీలోనే సరిచేసి, మీద రంగుచుక్క పెట్టి సీలు వేస్తారు. అది తిప్పడానికి కాదు. తిప్పితే తలుపు సందు మారిపోయి, 'మూసి వుంది' అనుకునే చోట కంప్యూటర్ లెక్క తప్పుతుంది. ఆ మర తిప్పగానే ఇంజను ఆ పూటకి చక్కగానే నిలబడుతుంది. బేరం కుదిరిపోతుంది. వారంలో మళ్ళీ మొదటికొస్తుంది. జ్వరమొచ్చిందని థర్మామీటరుని చన్నీళ్ళలో ముంచిన వైద్యమిది.

దీనికి పూర్తిగా వ్యతిరేకమైన రెండో వైద్యం మరొకటుంది. అది పెద్దషాపుల వైద్యం. అక్కడ మర తిప్పరు. వస్తువులు మారుస్తారు. మా అమ్మాయి కానూరు వైపు కాలేజీకి మోటారుసైకిలు మీద వెళుతుంది. (అవును, మోటారుసైకిలే. అదేమిటని అడిగేవాళ్ళకి వేరే వ్యాసం రాస్తాను.) ఇంట్లోంచి బయల్దేరినప్పుడు బండి బంగారంలా వుంటుంది. పది పదిహేను నిమిషాలు నడిచాక సిగ్నల్ దగ్గర ఆగితే, ఇంజను గుండెదడ వచ్చినట్టు పైకీ కిందికీ పోయి, ఆగిపోతుంది. వూరూ పేరూ చెప్పను గాని, ఎ.సి. గదీ కాఫీ యంత్రమూ వున్న ఓ చోటికి నాలుగుసార్లు తిప్పాం. మొదటిసారి ప్లగ్గు మార్చారు. రెండోసారి బ్యాటరీ అన్నారు. మూడోసారి పొగగొట్టం దగ్గరి ఆక్సిజన్ సెన్సార్ అన్నారు, వేలల్లో పోయింది. నాలుగోసారి ఇంజక్టర్ అన్నారు. "అసలు జబ్బేమిటని తేల్చారు?" అని మా అమ్మాయి అడిగితే, కౌంటర్లో వున్నాయన నావైపు తిరిగి ఆ మహావాక్యం సెలవిచ్చాడు. "అదంతా టెక్నికల్, మీకు తెలియదు లెండి, మేడమ్!"

తెలియకపోవడం నాకు సరే. ఆయనకి తెలిసుంటే నాలుగు వస్తువులు ఎందుకు మార్చినట్టు?

ఐదోసారి మేం అటు వెళ్ళలేదు. ఆటోనగర్ లో, వంద అడుగుల రోడ్డుకి లోపలగా, రేకుల షెడ్డులో పనిచేసే ఓ పెద్దాయన దగ్గరికి వెళ్ళాం. ఆయన బండిని ముట్టుకోలేదు. స్టూలు లాగి మా అమ్మాయిని కూర్చోమని మూడు ప్రశ్నలడిగాడు. "చల్లగా వున్నప్పుడు ఆగుద్దా, వేడెక్కాకా అమ్మాయ్? ఒకేలాగ తగ్గుద్దా, పైకీ కిందకీ పోద్దా? లైటూ, హారనూ వేస్తే తేడా వుంటందా?" నావైపు చూడనైనా లేదు. ఎందుకు చూడాలి? బండి తోలేది నేను కాదుగా! రోగి తల్లిని కాక రోగిని ప్రశ్నలడిగే వైద్యుడు ఈ రోజుల్లో ఎంత అరుదో మీకు నేను చెప్పాలా?

తరవాత బండి వేడెక్కేదాకా ఇంజను తిరగనిచ్చి, గుండెదడ మొదలవగానే సబ్బునీళ్ళ సీసా తెచ్చి, గాలి తలుపుకీ ఇంజనుకీ మధ్యనున్న రబ్బరు గొట్టం చుట్టూ నాలుగు చుక్కలు పిచికారీ చేశాడు. ఒక్క క్షణం ఇంజను గొంతు నిలకడైంది. మళ్ళీ మొదలైంది. మళ్ళీ చల్లితే మళ్ళీ నిలకడ! "రబ్బరు పగిలిందమ్మా" అన్నాడు. తీసి చూపించాడు. వెంట్రుకవాసి బీట. నీళ్ళు ఆ బీటని క్షణకాలం పూడ్చాయి, అదీ రహస్యం. చల్లగా వున్నప్పుడు ఇంజనుకి గాలీ పెట్రోలూ కాస్త ఎక్కువే అందుతాయి కనక ఈ చిల్లు బయటపడదు. వేడెక్కి అంతా సన్నసెగకి వచ్చాక దొంగగాలి పైచెయ్యి అవుతుంది. కుక్కర్ గాస్కెట్ పగిలి ఆవిరి పోతుంటే విజిల్ మీద నెపం వేసినట్టు, అంతవరకూ అందరూ వేరే వస్తువుల్ని తిట్టారు. ఖర్చు వందల్లో తేలిపోయింది.

ఇప్పుడొక చిక్కు ప్రశ్న. ఆ పెద్దషాపులో స్కానర్ వుంది గదా, అది ఆక్సిజన్ సెన్సార్ పేరు చెప్పింది గదా, మరి వాళ్ళ తప్పేమిటి? ఇక్కడే వుంది కిటుకంతా. స్కానర్ 'ఈ సెన్సార్ చెడిపోయింది' అని చెప్పదు. 'ఈ సెన్సార్ ఇలా అంటోంది' అని చెబుతుంది. లెక్కలోకి రాని గాలి ఎక్కణ్ణించో జొరబడుతుంటే, పొగలో ప్రాణవాయువు ఎక్కువుందని ఆ సెన్సార్ మొత్తుకుంది. అది నిజమే చెప్పింది! నిజం చెప్పినందుకు దాన్ని పీకి పారేసి, కొత్తదాన్ని బిగించారు. కొత్తదీ అదే మొత్తుకుంది. దొంగొచ్చాడని మొరిగిన కుక్కని కొట్టి, కొత్త కుక్కని కొనుక్కొచ్చి, దొంగని మాత్రం ఇంట్లోనే వుంచుకున్నట్టు లేదూ?

కాబట్టి రోగ నిర్ధారణకి ఒక వరస వుంది. దాన్ని నేను సామెతలాగా ఇలా చెబుతాను: చవకది ముందు, ఖరీదైంది చివర. విప్పక్కర్లేనిది ముందు, విప్పాల్సింది చివర. తాళంచెవి తిప్పగానే పసుప్పచ్చని ఇంజను దీపం వెలిగి, బండి స్టార్టయ్యాక ఆరిపోతోందా, లేక వెలుగుతూనే వుందా? ఇది మొదట చూడాలి. వెలుగుతూ వుంటే కంప్యూటర్ దగ్గర ఏదో ఫిర్యాదు నమోదై వుందన్నమాట. తాళంచెవి తిప్పగానే పెట్రోలు పంపు ఒకటి రెండు క్షణాలు సన్నగా జుమ్మంటుంది. ఆ శబ్దం వినపడుతోందా? ఆ తరవాత బ్యాటరీ. కార్బొరేటర్ రోజుల్లో బ్యాటరీ చచ్చినా కిక్కు కొడితే బండి లేచేది. ఇప్పుడు పంపుకీ, ఇంజక్టర్ కీ, కంప్యూటర్ కీ కరెంటే ప్రాణం. దాని తలల దగ్గర తెల్లగా బూజు పట్టినా చాలు, ఐడ్లింగ్ వూగుతుంది.

ఆ తరవాత గాలి ఫిల్టరు. మన రోడ్ల దుమ్ముకి అది కాఫీ ఫిల్టరులో మిగిలిన పిప్పిలా తయారవుతుంది. ఆ తరవాత ప్లగ్గు. నల్లగా మసిపట్టిందంటే పెట్రోలు ఎక్కువ తాగుతోంది, తెల్లగా పాలిపోయిందంటే పెట్రోలు తక్కువై గాలి ఎక్కువైంది. యాక్సిలరేటర్ తీగ బిగుసుకుపోయి తలుపుని పూర్తిగా మూసుకోనివ్వడంలేదేమో చూడాలి, ఐడ్లింగ్ ఎక్కువైతే ముఖ్యంగా. ఆ తరవాత గాలి జొరబడే బీటలు. ఆ తరవాత గాలి తలుపు చుట్టూ పట్టిన నల్లని మసి, ఐడ్లింగ్ వాల్వులో చేరిన జిడ్డు. దీన్ని తగిన ద్రావకంతో, మెత్తని గుడ్డతో తుడవాలేగాని గీకకూడదు. తుడిచాక కొన్ని మోడళ్ళలో కంప్యూటర్ కి కొత్తగా లెక్క నేర్పాలి. అలా నేర్పకుండా పంపించేసి, "నాలుగు రోజులు తోలండి, సర్దుకుంటుంది" అంటారు. ఇంజనులోపలి ట్యాపెట్లు మరీ బిగుతుగా వుంటే కూడా వేడెక్కాక ఇంజను నిలబడదు. ఇవన్నీ సవ్యంగా వున్నాయని తేలాక, అప్పుడు, అప్పుడు మాత్రమే పెట్రోలు ఒత్తిడి కొలవడం, సెన్సార్లని పరీక్షించడం, ఇంజక్టర్ మాట ఎత్తడం. మన పెద్దషాపాయన ఈ చాంతాడుని రెండోకొసనించి పట్టుకున్నాడు. ఎందుకంటే ఆ కొసనే డబ్బుల మూట కట్టి వుంటుంది!

మా వూరికి ప్రత్యేకమైన కారణం ఇంకొకటి వుంది. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి సింగ్ నగర్ చుట్టుపక్కల కాలనీలన్నీ మునిగినప్పుడు, బళ్ళు రోజుల తరబడి నీళ్ళలో వున్నాయి. ఇంజనాయిలు మార్చి నడిపించారు, బాగానే నడిచాయి. కాని వైర్లు కలిసే ఆ చిన్నచిన్న ప్లాస్టిక్ గూళ్ళలోకి వెళ్ళిన బురదనీరు ఎండిపోయినా తుప్పు మిగులుతుంది. అది నెలల తరవాత, మనం వరద మాటే మరిచిపోయాక, సెన్సార్ మాట సరిగ్గా వినపడకుండా చేస్తుంది. సెన్సార్ మంచిదే, కంప్యూటర్ మంచిదే, మధ్య చుట్టరికం చెడింది! శుభ్రం చేసి బిగిస్తే పోయేదానికి కొత్త సెన్సార్ కొనిపిస్తే ఏమనాలి? అదీగాక, ఇప్పుడు మనం పోయించుకునే పెట్రోలులో 20 శాతం దాకా ఇథనాల్ వుంటుంది. ఇథనాల్ కి నీళ్ళంటే మహా ప్రేమ. ట్యాంకులోకి నీళ్ళు దిగితే మొదట కలుపుకుంటుంది, మితి మించితే రెండూ కలిసి పెట్రోలు నించి విడిపోయి అడుక్కి చేరతాయి. పంపు తాగేది అడుగునించే. కనక వానల్లో మూత రబ్బరు సంగతి అడగడం చాదస్తం కాదు.

ఇంతా చెప్పి, తప్పంతా మెకానిక్ కుర్రాళ్ళ మీదికి తోసేస్తే నాకూ పాపమే. వాళ్ళ చేతిలో ఏముంది? కొత్తగా తయారయ్యే బళ్ళు తమ జబ్బుల్ని తామే కనిపెట్టి రాసిపెట్టుకోవాలని నిబంధన వచ్చింది. మంచిదే. కాని ఆ రాసుకున్నదాన్ని పూర్తిగా చదివే స్కానరూ, ఏ సెన్సార్ దగ్గర ఎన్ని వోల్టులుండాలో చెప్పే పుస్తకమూ రేకుల షెడ్డుకి సులువుగా దొరకవు. దొరికినా ఇంగ్లీషులో వుంటాయి. అమ్మ పెట్టా పెట్టదు, అడుక్కు తినా తిననివ్వదు! రోగి డైరీకి తాళం వేసి, 'వూళ్ళో వైద్యులు పనికిరారు, మా ఆస్పత్రికే రండి' అంటే అది వైద్యమా, వ్యాపారమా?

ఇది మన గొడవ ఒక్కటే కాదు. అమెరికాలో మసాచుసెట్స్ రాష్ట్రంలో 2012లో జనం ఓట్లేసి మరీ గెలిపించుకున్నారు. తమ సొంత డీలర్లకిచ్చే జబ్బుల చిట్టాని కార్ల కంపెనీలు బయటి మెకానిక్కులకి కూడా ఇవ్వాలని. మన ప్రభుత్వం కూడా 2022లో 'బాగుచేయించుకునే హక్కు' కోసం ఓ కమిటీ వేసింది. సెల్ ఫోన్లూ, ఇంటి సామాన్లూ, వ్యవసాయ యంత్రాలతోపాటు వాహనాల్నీ అందులో చేర్చింది. ఆ ఏడాది డిసెంబరులో, జాతీయ వినియోగదారుల దినాన, ఒక వెబ్ సైటు కూడా ప్రారంభించారు. సంతోషం. వెబ్ సైటు పెట్టడం పొయ్యి వెలిగించడం లాంటిది. వంట కావాలంటే బియ్యం పడాలిగా! ఏ మోడల్ కైనా మరమ్మతు పుస్తకం తెలుగులో ఇవ్వాలనీ, స్కానర్ న్యాయమైన ధరకి ఎవరికైనా అమ్మాలనీ, వస్తువు మార్చేముందు ఏ పరీక్షలో అది చెడ్డదని తేలిందో బిల్లు మీద రాయాలనీ కచ్చితమైన చట్టం రావాలి. ఆటోనగర్ లోని ఆ పెద్దాయన చెవికి ఈ స్కానర్ తోడైతే, కాఫీ యంత్రాలున్న షాపులకి కాఫీ అమ్ముకోవడం తప్ప వేరే పనుండదు.

"ఇదంతా ఆడవాళ్ళకెందుకండీ?" అని ఈపాటికి ఏ బావగారో పేపరు పక్కకి పెట్టి అడుగుతూనే వుంటారు. బావగారూ! బండి మధ్యదారిలో ఆగినప్పుడు, చీకటిపడ్డాక రైవస్ కాలవ గట్టున తోసుకుంటూ వచ్చేది ఆడపిల్లే. ఆ రాత్రి మీకు ఫోన్ చేసి, మీరు వచ్చేదాకా బిక్కుబిక్కుమంటూ నిలబడేదీ ఆ పిల్లే. బండి కొనిచ్చి స్వేచ్ఛ ఇచ్చామనుకుంటున్నారు. తాళంచెవి ఇచ్చి, తెలివి మీ దగ్గర దాచుకుంటే అది సగం స్వేచ్ఛే. రెండో ఆక్షేపణ మనవాళ్ళదే. "చేతులకి గ్రీజు అంటుకుంటుంది!" ఇందులో గ్రీజు ఎక్కడుందమ్మా? నేను రెంచి పట్టమనడంలేదు. నోరు తెరవమంటున్నాను. పసిబిడ్డ ఏడిస్తే, పాలముందు ఏడ్చిందా, తాగాక ఏడ్చిందా, ఏ చెవి పట్టుకుని ఏడ్చిందని గమనించి డాక్టరుకి చెప్పేది మనమే. ఆ డాక్టరు రాసే మందులో సగం మన గమనింపే. ఆ గమనింపు బండికి పనికిరాదని ఎవరన్నారు?

కనక నా మాట విని ఓ చిన్న నోటుపుస్తకం పెట్టండి. చాకలిపద్దు పక్కనే పెట్టినా ఫరవాలేదు. బండి ఏ తారీఖున, ఎన్ని కిలోమీటర్ల దగ్గర, ఎంతసేపు నడిచాక, చల్లగానా వేడిగానా, వానలోనా ఎండలోనా ఆగిందో రెండు ముక్కలు రాసుకోండి. పెట్రోలు ఎక్కడ పోయించారో రాసుకోండి. ఇంజను దీపం వెలిగితే ఫోనులో ఫొటో తీయండి. షెడ్డుకి మీరే వెళ్ళండి, సార్ ని పంపకండి. తీసేసిన పాత వస్తువు ఇమ్మని అడిగి తెచ్చుకోండి, అది డబ్బిచ్చి కొన్న మన సొత్తు. వస్తువు మార్చాలన్నప్పుడు ఒకే ఒక్క ప్రశ్న వేయండి: "ఇదే చెడిందని ఎలా తేల్చారు?" తేల్చినవాడు సంతోషంగా చెబుతాడు. నిజం తెలిసినవాడికి చెప్పడమంటే ఎంత ఇష్టమో మీరూ చూస్తారు. తేల్చనివాడు మాత్రం మన ఖరీదైన వాక్యాన్ని బయటికి తీస్తాడు.

తీయనివ్వండి. ఈసారి మాత్రం నవ్వి వూరుకోకండి. స్టూలు లాక్కుని నింపాదిగా కూర్చుని, "తెలియదు కనకే అడుగుతున్నాను నాయనా, చెప్పు" అనండి. చెప్పేదాకా లేవకండి!